ఇరవై డాలర్ల చందా, కరెంటు కంపెనీ చెక్కు: రాష్ట్ర రాజకీయాల్లో మామూలు జనం డబ్బు ఎంతవరకు పనిచేస్తుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాన్నే కాస్త వివరంగా, అంకెలతో సహా ఇక్కడ రాస్తున్నాం. ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చదివే తీరిక లేనివాళ్లకి ఇది సరిపోతుంది. ఎపిసోడ్ విన్నవాళ్లకి కూడా మాటల్లో జారిపోయిన వివరాలు కొన్ని దొరుకుతాయి.

ముందుగా ఒక హెచ్చరిక. మీరు హెచ్‌-1బీ, ఎల్‌-1, ఎఫ్‌-1, హెచ్‌-4 లాంటి వీసా మీద ఉంటే అమెరికాలో ఏ ఎన్నికకీ ఒక్క డాలర్ కూడా చందా ఇవ్వకూడదు. ఎందుకో కింద చెప్తాం. అయినా ఈ వ్యాసం మీక్కూడా పనికొస్తుంది. కరెంటు బిల్లు కట్టేది మీరు కూడా కదా.

రాష్ట్ర రాజకీయాలు మనకెందుకు?

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అమెరికా రాజకీయం అంటే వాషింగ్టనే. ప్రెసిడెంట్ ఏమన్నాడు, వీసా బులెటిన్ కదిలిందా లేదా, అంతవరకే. కానీ మన రోజువారీ జీవితాన్ని పట్టి ఉంచే చట్టాలు చాలావరకు రాష్ట్ర రాజధానిలో తయారవుతాయి. కరెంటు రేటు ఎంత ఉండాలి, కారు ఇన్సూరెన్స్ నియమాలేంటి, స్కూళ్లకి రాష్ట్రం ఎంత ఇవ్వాలి, ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్లకి ఇక్కడ లైసెన్స్ ఎలా రావాలి, హెచ్‌-4 మీద ఉన్న పిల్లలకి స్టేట్ యూనివర్సిటీలో ఇన్‌-స్టేట్ ఫీజు ఇస్తారా ఇవ్వరా, ఇవన్నీ రాష్ట్రాల చేతుల్లోనే ఉన్నాయి. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదని రాయించుకునే నాన్‌-కంపీట్ ఒప్పందాల సంగతే చూడండి. కాలిఫోర్నియాలో అవి ఎప్పటినుంచో చెల్లవు. మిన్నెసోటా 2023 జులై 1 నుంచి కొత్తగా రాయించుకోవడాన్ని నిషేధించింది. పక్క రాష్ట్రంలో అదే కాగితం మీద సంతకం పెడితే మీరు ఇరుక్కున్నట్టే.

ఇంత ముఖ్యమైన సభలని గమనించేవాళ్లు మాత్రం తక్కువ. తన ప్రాంతపు స్టేట్ డెలిగేట్ పేరు చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. జనం చూడనిచోట ఎవరు చూస్తారు? ఆ సభ నిర్ణయాల మీద లాభనష్టాలు ఆధారపడ్డ కంపెనీలు, సంఘాలు, లాబీయిస్టులు చూస్తారు. వీళ్లనే స్పెషల్ ఇంటరెస్టులు అంటారు. అంటే ఒక్క విషయంలో గట్టి స్వార్థం ఉన్నవాళ్లు అనుకోండి.

రెండు డాలర్ల లెక్క

ఇది అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక కరెంటు కంపెనీకి 25 లక్షల ఇళ్లు ఉన్నాయనుకోండి. చట్టంలో ఒక చిన్న వాక్యం మారి ఇంటికి నెలకి 2 డాలర్లు ఎక్కువ పడింది. మీకు ఏడాదికి 24 డాలర్లు. దానికోసం ఆఫీసుకి సెలవు పెట్టి రాజధానికి వెళ్లి పోట్లాడతారా? పోట్లాడరు. కానీ కంపెనీ వైపు నుంచి చూస్తే అది ఏడాదికి 6 కోట్ల డాలర్లు. ఆ వాక్యం కోసం వాళ్లు పదిమంది లాబీయిస్టులని పెట్టుకుంటారు, వంద మంది శాసనసభ్యులకి చందాలిస్తారు, అయినా బోలెడు మిగులుతుంది.

నష్టం లక్షల మందికి పంచినప్పుడు ఎవరికీ నొప్పి తెలియదు. లాభం మాత్రం ఒక్కచోట కుప్పపడుతుంది. ఇందులో లంచం అక్కర్లేదు, దొంగతనం అక్కర్లేదు. చట్టప్రకారం నడిచే పద్ధతే ఇలా ఉంది. శాసనసభ్యుడు చెడ్డవాడే కానక్కర్లేదు. ఎవరి బండి ఎక్కితే వాళ్ల పాట పాడాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రచారం ఖర్చు పెట్టినవాడి ఫోన్ ముందు ఎత్తుతాడు, అంతే.

మరి ఆ బండికి పెట్రోలు మామూలు జనమే పోస్తే? చిన్న చందాల వెనక ఉన్న ఆలోచన ఇదే.

వర్జీనియా కథ

మనవాళ్లు బాగా ఉన్న రాష్ట్రాల్లో వర్జీనియా ఒకటి. లౌడన్ కౌంటీలో యాష్‌బర్న్, స్టెర్లింగ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లు ఎన్నో, డేటా సెంటర్లు అన్ని. ఆ రాష్ట్రంలో ఎన్నికల చందాలకి పరిమితి లేకుండా వచ్చింది. వ్యక్తి అయినా, కంపెనీ అయినా, యూనియన్ అయినా స్టేట్ అభ్యర్థికి ఎంతైనా ఇవ్వొచ్చు. కాకపోతే లెక్క బయటపెట్టాలి. 100 మంది డెలిగేట్లు, 40 మంది సెనేటర్లు ఉండే ఆ సభలకి ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి. ప్రెసిడెంట్ ఎన్నిక లేని ఏడాది కాబట్టి జనం దృష్టి తక్కువ.

అక్కడ డామినియన్ ఎనర్జీ అనే కరెంటు కంపెనీ ఉంది. తన పరిధిలో దానికి పోటీ లేదు, ఇష్టం లేకపోతే ఇంకో కంపెనీకి మారిపోదామంటే మామూలు ఇళ్లకి కుదరదు. అందుకే రేట్లని స్టేట్ కార్పొరేషన్ కమిషన్ తనిఖీ చేయాలి. ఆ కమిషన్ అధికారాలేంటో రాసేది శాసనసభ. ఆ శాసనసభ్యులకి ఏళ్ల తరబడి పెద్దయెత్తున చందాలిస్తూ వచ్చిన కంపెనీల్లో డామినియన్ ముందు వరసలో ఉంది, రెండు పార్టీలకీ ఇచ్చింది. ఇది చట్టవిరుద్ధం కాదు. చట్టమే ఒప్పుకుంటోంది.

2015లో శాసనసభ ఒక చట్టం చేసింది. డామినియన్ మూల రేట్లని కొన్నేళ్లపాటు కదలకుండా ఆపేసింది, కమిషన్ మామూలుగా చేసే సమీక్షలని కూడా ఆపేసింది. రేటు పెరగదు కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ కంపెనీకి అనుకున్నదానికన్నా ఎక్కువ ఆదాయం వస్తే దాన్ని వెనక్కి ఇప్పించే దారి కూడా మూసుకుపోయింది. దానిమీద విమర్శలు పెరిగి 2018లో చట్టం మార్చారు.

ఈ మధ్యలో జరిగిందే మన అసలు కథ. 2017 ఎన్నికల్లో కొంతమంది అభ్యర్థులు ‘మేం డామినియన్ డబ్బు ముట్టం’ అని బహిరంగంగా మాటిచ్చారు. మాటివ్వడం తేలికే, మరి ప్రచారానికి డబ్బో? ఎక్కువమంది ఇచ్చే చిన్న చందాల మీద ఆధారపడ్డారు. అలా మాటిచ్చినవాళ్లలో పదిమందికి పైగా హౌస్‌కి గెలిచారు. 2018లో షార్లెట్స్‌విల్‌కి చెందిన మైకేల్ బిల్స్ అనే పెట్టుబడిదారు క్లీన్ వర్జీనియా అనే సంస్థ మొదలుపెట్టారు. డామినియన్ డబ్బు వద్దన్న అభ్యర్థులకి ఆ లోటు తీర్చేలా చందాలివ్వడం దాని పద్ధతి.

2023లో, రెండు పార్టీల మద్దతుతో, రేట్లు న్యాయంగా లేవనిపిస్తే మార్చే అధికారాన్ని శాసనసభ మళ్లీ కమిషన్‌కి ఇచ్చింది. ఇది కేవలం చందాల వల్లే జరిగిందని చెప్పలేం. బిల్లుల భారం, పత్రికల కథనాలు, కమిషన్ నివేదికలు అన్నీ కలిశాయి. కానీ కంపెనీ డబ్బు లేకుండా కూడా గెలవొచ్చని తెలిశాక, సభలో ‘కుదరదు’ అనగలిగేవాళ్ల సంఖ్య పెరిగింది. అక్కడే తేడా వచ్చింది.

ఇందులో ఒక ముల్లు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. కంపెనీ పెద్ద డబ్బుని ఎదుర్కోవడానికి ఒక సంపన్నుడి పెద్ద డబ్బు వాడితే అది జనం చందా ఎలా అవుతుంది? బిల్స్‌ని విమర్శించేవాళ్లు ఇదే అడుగుతారు. పరిమితి లేని రాష్ట్రంలో ఇంకో దారి లేదన్నది మద్దతుదారుల జవాబు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే కొన్ని రాష్ట్రాలు వేరే దారి పట్టాయి.

చిన్న చందాని పెద్దది చేసే పద్ధతులు

మెయిన్: 1996లో అక్కడి ఓటర్లు నేరుగా ఓటేసి క్లీన్ ఎలక్షన్ చట్టం తెచ్చుకున్నారు. 2000 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చింది. హౌస్ అభ్యర్థి తన నియోజకవర్గంలో కనీసం 60 మంది ఓటర్ల దగ్గర, సెనేట్ అభ్యర్థి 175 మంది దగ్గర, తలా 5 డాలర్లు సేకరించాలి. ఆ 5 డాలర్లు కూడా అభ్యర్థి జేబులోకి పోవు, ప్రభుత్వ నిధికే పోతాయి. అలా జనంలో పట్టుందని చూపించినవాళ్లకి ప్రచారం ఖర్చు ఆ నిధి ఇస్తుంది. ఆ తర్వాత ప్రైవేటు చందాలు తీసుకోకూడదు. అరిజోనా ఓటర్లు కూడా 1998లో ఇలాంటి చట్టమే తెచ్చుకున్నారు.

కనెటికట్: గవర్నర్ జాన్ రోలండ్ అవినీతి ఆరోపణల మధ్య 2004లో రాజీనామా చేశాడు. ఆ దెబ్బతో 2005లో శాసనసభే కొత్త చట్టం చేసింది. మొదట పెట్టిన లెక్క ప్రకారం హౌస్ అభ్యర్థి మొత్తం 5,000 డాలర్లు చిన్న చందాలుగా సేకరించాలి, అందులో కనీసం 150 మంది తన ప్రాంతం వాళ్లై ఉండాలి. అప్పుడు ప్రభుత్వ గ్రాంటు వస్తుంది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి? ఎవరూ అడగకుండా మిగిలిపోయిన పాత ఖాతాలు, ఆస్తుల్లాంటివాటి నుంచి. 2008 ఎన్నికల్లో మొదటిసారి వాడారు. ఇంకో విశేషం కూడా ఉంది. డ్రింకు సీసాల మీద జనం కట్టి, వెనక్కి తీసుకోని డిపాజిట్లు ఏళ్లుగా డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే ఉండిపోయేవి. ఈ పద్ధతి వచ్చిన కాలంలోనే ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకి చేరేలా చట్టం మారింది. చందాల బరువు తగ్గితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు ఈ ఉదాహరణ చూపిస్తారు.

న్యూయార్క్: 2024 శాసనసభ ఎన్నికలతో మొదలైంది. ఇక్కడి లెక్క వింటే ఆశ్చర్యం వేస్తుంది. అర్హత పొందిన అభ్యర్థికి తన నియోజకవర్గంలో ఉండే మనిషి 250 డాలర్ల వరకు ఇస్తే ప్రభుత్వం దానికి కలుపుతుంది. మొదటి 50 డాలర్లకి 12 రెట్లు, తర్వాతి 100కి 9 రెట్లు, ఆ తర్వాతి 100కి 8 రెట్లు. మీరు 50 ఇస్తే దానికి 600 కలుస్తాయి. 250 ఇస్తే 2,300 కలుస్తాయి. అంటే క్వీన్స్‌లో ఒక క్యాబ్ డ్రైవర్ ఇచ్చే 50 డాలర్లు అభ్యర్థికి 650తో సమానం. అప్పుడు అభ్యర్థి పెద్ద హోటల్ విందు వదిలేసి మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కుతాడు, ఎందుకంటే ఇప్పుడు గిట్టుబాటు అక్కడుంది.

మిన్నెసోటా: ఖర్చు పరిమితికి ఒప్పుకున్న స్టేట్ అభ్యర్థికి చందా ఇస్తే, రసీదు చూపించి ఆ డబ్బు రెవెన్యూ శాఖ నుంచి వెనక్కి తీసుకోవచ్చు. చాలాకాలం ఒక్కొక్కరికి 50 డాలర్లు ఉండేది, తర్వాత పెంచారు. ఇప్పటి లెక్క, నియమాలు రెవెన్యూ శాఖ సైట్‌లో చూసుకోండి.

సియాటెల్: ఇది నగరం, రాష్ట్రం కాదు. అయినా మనవాళ్లకి తెలియాలి. 2015లో ఓటర్లు ఆమోదించారు, 2017లో మొదలైంది. అర్హులైన ఒక్కొక్కరికి 25 డాలర్ల వోచర్లు నాలుగు వస్తాయి. నచ్చిన సిటీ అభ్యర్థికి ఇవ్వొచ్చు. జేబులోంచి పైసా తీయక్కర్లేదు, ఖర్చు ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ముఖ్యంగా, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి కూడా ఈ వోచర్లకి అర్హత ఉంది. ఓటు లేకపోయినా సరే.

ఇది సర్వరోగ నివారిణి కాదు

2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అభ్యర్థితో సంబంధం లేకుండా బయటినుంచి ప్రచారానికి కంపెనీలు ఎంత ఖర్చు పెట్టినా ఆపకూడదంది. 2011లో అరిజోనా కేసులో ఇంకో దెబ్బ పడింది. ప్రత్యర్థి ఎక్కువ ఖర్చు పెడితే ప్రభుత్వ నిధి తీసుకున్న అభ్యర్థికి అదనంగా ఇవ్వడం కూడా చెల్లదని తీర్పు వచ్చింది. కాబట్టి మీ ఊరి అభ్యర్థి 5 డాలర్ల చొప్పున పోగేసుకుంటుంటే, అవతల ఏదో కమిటీ లక్షలు పోసి టీవీ యాడ్లు వేయొచ్చు.

చిన్న చందా అంటే ఎప్పుడూ పవిత్రం అనుకోవడం కూడా తప్పే. టీవీలో గట్టిగా అరిచేవాళ్లకి దేశం నలుమూలల నుంచి చిన్న చందాలు కుప్పతెప్పలుగా వస్తాయి. నిశ్శబ్దంగా కమిటీలో పనిచేసే స్టేట్ సెనేటర్‌కి రావు. అందుకే న్యూయార్క్ చట్టం శాసనసభ అభ్యర్థులకి ‘మీ ప్రాంతం వాళ్ల చందాకే ప్రభుత్వం డబ్బు కలుపుతుంది’ అనే షరతు పెట్టింది, కనెటికట్ చట్టం చందాదారుల్లో కనీసం కొంతమంది ఆ ప్రాంతం వాళ్లై ఉండాలంది.

మరి ఉపయోగం ఏంటి? జనం డబ్బు కంపెనీ డబ్బుకి సరిసమానం కానక్కర్లేదు. ప్రచారం నడపడానికి సరిపోతే చాలు. కరపత్రాలు, ఒకరిద్దరు స్టాఫ్, ఆఫీసు అద్దె వరకు వస్తే అభ్యర్థి కంపెనీ చెక్కుని వద్దనగలడు. ఉడతాభక్తి అంటాం కదా, ఉడత వారధి మొత్తం కట్టలేదు. కానీ రాష్ట్ర ఎన్నికలు చిన్నవి కాబట్టి, ఇక్కడ ఉడతలు మోసిన ఇసుక కంటికి కనిపిస్తుంది.

ఇండియాతో పోల్చితే ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ఎలక్టోరల్ బాండ్లు నడిచినన్నాళ్లు ఎవరు ఏ పార్టీకి ఇచ్చారో ఓటరుకి తెలియలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేశాకే జాబితాలు బయటికొచ్చాయి. హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజినీరింగ్ అత్యధికంగా బాండ్లు కొన్నవాళ్లలో రెండోదని అప్పుడే తెలిసింది. ఇక్కడ అభ్యర్థికి నేరుగా వచ్చే చందాలు ఎన్నికల ముందే చూడొచ్చు. వర్జీనియాలో అయితే వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సైట్‌లో మీ డెలిగేట్ పేరు కొడితే చాలు, ఎవరెంత ఇచ్చారో కనిపిస్తుంది.

ఎవరు ఇవ్వొచ్చు, ఎవరు ఇవ్వకూడదు

పౌరులు: ఇవ్వొచ్చు, రాష్ట్రం పెట్టిన పరిమితుల్లో.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు: చందా ఇవ్వొచ్చు. ఓటు మాత్రం వేయకూడదు, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. డీఎంవీలో లైసెన్స్ రెన్యూవల్ చేస్తూ ‘ఓటరుగా నమోదు చేయమంటారా’ అని అడిగితే కాదనండి. ఒక టిక్కు మార్కు పౌరసత్వం దరఖాస్తునే చిక్కుల్లో పడేస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్లు: ఫెడరల్, స్టేట్, లోకల్ ఏ ఎన్నికకీ ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, అన్ని రాష్ట్రాలకీ వర్తిస్తుంది. 15 ఏళ్లుగా పన్నులు కడుతున్నా, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నా ఇదే నియమం. డబ్బే కాదు, ఫండ్‌రైజర్ టికెట్ కొన్నా చందా కిందే లెక్క.

ఇంకొకరి పేరుతో: ఇక్కడే మన సమాజంలో జాగ్రత్త పడాల్సింది. ‘అన్నా, నువ్వు వీసా మీద ఉన్నావు కదా, డబ్బు నాకు పంపు, నా పేరు మీద కట్టేస్తా’ అనే మాట వినిపిస్తే ఆగండి. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం నేరం. ఇద్దరూ ఇరుక్కోవచ్చు. ముంబైలో పుట్టి అమెరికాలో పేరున్న రచయిత అయిన దినేష్ డిసూజా, ఒక సెనేట్ అభ్యర్థికి ఇతరుల పేర్లతో చందాలిప్పించినందుకు 2014లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఐదేళ్ల ప్రొబేషన్, 30,000 డాలర్ల జరిమానా పడ్డాయి. 2018లో ఆయనకి ప్రెసిడెంట్ క్షమాభిక్ష దొరికింది. మనలాంటివాళ్లకి అది దొరుకుతుందని అనుకోలేం. ఆయన అప్పటికే పౌరుడు. వీసా మీద ఉన్నవాళ్లకి జరిమానా పక్కన ఇమిగ్రేషన్ భయం కూడా ఉంటుంది.

ఇవ్వలేనివాళ్లు ఏం చేయొచ్చు?

చాలానే ఉంది. జీతం తీసుకోకుండా ప్రచారంలో వాలంటీర్‌గా పనిచేయొచ్చు. తలుపులు తట్టొచ్చు, తెలుగు వృద్ధులకి కరపత్రం చదివి వినిపించొచ్చు. డబ్బు ఎవరికి ఖర్చు పెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు. మీ డెలిగేట్‌కి ఉత్తరం రాయొచ్చు, వాళ్లు మీ ప్రాంతానికంతా ప్రతినిధులు, ఓటర్లకి మాత్రమే కాదు. వర్జీనియాలో కరెంటు రేట్ల కేసు నడిచేటప్పుడు స్టేట్ కార్పొరేషన్ కమిషన్ జనం అభిప్రాయాలు తీసుకుంటుంది. మీ బిల్లు చేతిలో పట్టుకుని ‘నా ఇంట్లో ఇంత పెరిగింది’ అని రాసే నాలుగు వాక్యాలు రికార్డులోకి వెళ్తాయి.

ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేముందు చూసుకోవాల్సినవి ఇవి. ఒకటి, టెక్స్ట్ మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కకండి, అభ్యర్థి సొంత సైట్‌కే వెళ్లండి. పేరు ఘనంగా ఉండి, వచ్చిన డబ్బంతా సొంత ఖర్చులకే వాడుకునే కమిటీలు ఉన్నాయి. రెండు, ‘ప్రతి నెలా’ అని ముందే టిక్కు పెట్టి ఉందేమో చూడండి. మూడు, ఒక మోతాదు దాటితే మీ పేరు, ఊరు, ఉద్యోగం బహిరంగ రికార్డులో ఉంటాయి. వర్జీనియాలో ఆ మోతాదు 100 డాలర్లు. నాలుగు, రాజకీయ చందాకి ఫెడరల్ టాక్స్ మినహాయింపు లేదు, గుడికి ఇచ్చినట్టు కాదు. ఐదు, ఇచ్చాక ఊరుకోకండి. ‘మీకు 20 డాలర్లు ఇచ్చాను, కరెంటు బిల్లు విషయంలో మీ ఓటు ఎటు?’ అని అడగండి. కంపెనీ అడుగుతుంది. మనమెందుకు అడగకూడదు?

మనవాళ్లకి ఈ సభలు దూరమేమీ కాదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ హౌస్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి 2023లో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2019లో వర్జీనియా సెనేట్‌కి, 2025 నవంబర్‌లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. వాళ్ల పార్టీ మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. గెలిచినవాళ్లు ఏ ఊరివాళ్లన్నది ఒక్కటే చూసి సంబరపడితే సరిపోదు. వాళ్ల ప్రచారానికి ఎవరు డబ్బిచ్చారో కూడా చూడటం అలవాటు చేసుకోవాలి, మనవాళ్లయినా సరే.

ఈ వారం ఒక చిన్న పని పెట్టుకోండి. మీ స్టేట్ హౌస్ ప్రతినిధి ఎవరో కనుక్కోండి, ఆ పేరుతో చందాల జాబితా వెతకండి, మొదటి ఐదు పేర్లు చదవండి. ఏం కనిపించిందో మాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. మీ వీసా సంగతి ఏదైనా సరే, ఆ జాబితా చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.